అబద్ధమాడని ఎవాల్డ్

తలుపు దబదబా మోగింది. పటాలం నుంచి పారిపోయొచ్చిన తమ్ముడు యోస్ట్ వంటింట్లోనే ఉన్నాడు, దొరికితే ఉరే! లీస్బెత్ కదిలేలోపే మేడమీద అద్దెకుండే ఎవాల్డ్ గడియ తీసేశాడు.

కొంప మునిగింది! చంపడానికొచ్చినవాడికైనా అబద్ధం చెప్పకూడదన్న తన కాలేజీ ప్రొఫెసరుగారి పాఠాన్ని కోనిగ్స్‌బర్గ్ ఊరంతా దండోరా వేసేది వీడే.

“యోస్ట్ లోపలున్నాడా? నువ్వు చెప్పు. అబద్ధమాడవటగా!” అన్నాడు సార్జెంటు.

“ఆడనండీ. అసలెందుకు ఆడకూడదంటే...” ఎవాల్డ్ గడపకి అడ్డంగా నిలబడ్డాడు.

“పాఠం కాదయ్యా, జవాబు!”

“అక్కడికే వస్తున్నానండీ. మనుషుల మధ్య మాట మీద నమ్మకం పోయిందనుకోండి...”

నా చేతి కూడు తిని నా తమ్ముణ్ణే పట్టిస్తాడా, అని లీస్బెత్ పళ్లు నూరింది. అప్పుడు కనబడింది: వీపు వెనక అతని చెయ్యి, కోళ్లని తోలుతున్నట్టు, పెరటివైపు ఊగుతోంది.

ఆమె లోపలికి పరుగెత్తి, తమ్ముణ్ణి గోడ దాటించి, బీరు గ్లాసుతో తిరిగొచ్చింది.

“గొంతు తడుపుకోండి సార్జెంటుగారూ. వీడి పాఠం ఇప్పట్లో తెమలదు.”

“అయిపోయిందక్కా,” అన్నాడు ఎవాల్డ్ ఆమె మొహం చూసి. “యోస్ట్ ఈ ఇంట్లో లేడండీ.”

“ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా!” సార్జెంటు బీరు గటగటా తాగి వెళ్లిపోయాడు.

ఎవాల్డ్ తలుపు గడియ పెట్టి ఆమెవైపు తిరిగాడు.

“ముందైతే అబద్ధమయ్యేదక్కా.”