నాలుగు గిన్నెల కబురు

ఊరంతా పప్పు వండటం మానేశాక నాంచారమ్మ ఇంట్లోకీ, ఒంట్లోని కణంలాగే ప్రొటీన్ తయారుచేసే పొయ్యి వచ్చింది. అది చెడిపోయిందని ఆమె ఫోన్ చేస్తే మెకానిక్ ఖలీల్ వచ్చి మూత తీశాడు.

"మూడు ఆర్‌ఎన్‌ఏలూ బాగానే ఉన్నాయమ్మా. ఏం వండాలో కబురు తెచ్చేది తెస్తోంది, అమైనో ఆమ్లాలు మోసేది మోస్తోంది, వాటిని వరసగా అతికించేది అతికిస్తోంది. కబురు కరిగిపోయేలోపు నాలుగు గిన్నెలు తయారవుతున్నాయి."

గట్టు మీద ఎవరూ ముట్టుకోని మూడు గిన్నెలు అతని కంటబడ్డాయి.

"ఇంట్లో ఒక్కరేనా? ఒక్క గిన్నెకే కరిగిపోయే కబురు పెట్టనా?"

"వద్దు, నాలుగే రానీ," అందామె కంగారుగా.

"మరి కంప్లైంటేమని రాసుకోను?"

అతను లేవబోతుంటే నాంచారమ్మ ఒక గిన్నె వేడిచేసి ముందు పెట్టింది.

"ముందు తిను నాయనా. ఏం రాయాలో నెమ్మదిగా చెబుతాను."