భవిష్యత్ కాలం పాఠం

నజాత్ ఇటాలియన్ క్లాసు తలుపుకి లోపలినుంచి తాళం వేసి, తాళంచెవి గుప్పిట్లో బిగించింది.

"ఈ పూట భవిష్యత్ కాలం పూర్తయ్యేదాకా ఎవరూ కదలడానికి లేదు."

"ఇదేం బందిఖానా మేడమ్!" అని నవ్వింది సిరీన్. ఇటలీలో నర్సు ఉద్యోగం కోసం క్రియలు బట్టీ పడుతున్న పిల్ల ఆమె. మిఠాయి కొట్టు మొన్సెఫ్ గడియారం చూసుకున్నాడు.

"నా పాకం ముదిరిపోతుంది టీచరమ్మా."

వెనక బెంచీలో వజ్దీ మాత్రం దిగ్గున లేచాడు.

"నేను వెళ్ళాలి మేడమ్. ఇప్పుడే."

అనుకున్నంతా అయింది.

కొన్నాళ్ళుగా ఆమెకి కంటిమీద కునుకు లేదు. వజ్దీ అడిగే మాటలు ఏ పాఠంలోనూ లేవు. దాహంగా ఉందని ఎలా చెప్పాలి? పడవలోకి నీళ్ళొస్తున్నాయి అనాలంటే ఏ క్రియ వాడాలి? 'నాకు పదిహేడేళ్ళు' అని ఒక్కసారి పలికి వినిపించండి మేడమ్. అంత గడ్డం ఉన్న వీడికి పదిహేడు ఎప్పుడో దాటాయని ఈ కెలీబియా ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. మైనారిటీ తీరని పిల్లల్ని ఇటలీవాళ్ళు వెనక్కి పంపరు. పైగా పొద్దున చేపల బజార్లో ఒకటే గుసగుసలు. పొద్దు గుంకగానే హర్గా పడవ ఒకటి దొంగచాటుగా సముద్రం దాటబోతోందట.

"ఎక్కడికి వెళ్ళాలి?" అంది గట్టిగా.

"రేవు దాకా."

"ఈ వేళప్పుడు రేవులో నీకేం పని?"

వజ్దీ తల దించుకున్నాడు. "చెప్పకూడదు మేడమ్. రొట్టె మీద ఒట్టేశాను."

"ఒట్టు తీసి గట్టుమీద పెట్టు. వినండర్రా, వీడు ఈ పూట హర్గా పడవ ఎక్కబోతున్నాడు!"

సిరీన్ నవ్వు ఆగిపోయింది. మొన్సెఫ్ పాకం సంగతి మరిచిపోయి, లేచి వెళ్ళి తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"నేను కాదు మేడమ్! అల్లా మీద ఆన, నేను కాదు!"

"అందరూ ఇదే అంటారు. నిరుడు పోయినవాళ్ళూ ఇదే అన్నారు. కూర్చో! 'రేపు నేను మా అమ్మ చేతి వంట తింటాను.' చెప్పు, ఇటాలియన్‌లో చెప్పు."

వజ్దీ గబగబా చెప్పాడు. ఒక్క తప్పు లేదు. అది విని నజాత్‌కి ఇంకా భయం వేసింది.

అతను బెంచీ కింద చెయ్యి పెట్టి ఫోన్ నొక్కుతున్నాడు. చెవికి ఆనించుకున్నాడు, తీశాడు, మళ్ళీ నొక్కాడు. నజాత్ ఒక్క ఉదుటున వెళ్ళి లాక్కుంది.

"పడవవాడికి చేస్తున్నావా? వస్తున్నా, ఆగమని చెబుతున్నావా?"

"ఇచ్చెయ్యండి మేడమ్! వాడు ఎత్తట్లేదు, మీకు తెలీదు..."

"నాకు తెలుసు. మీ అమ్మ ముఖం నాకు తెలుసు. రేపు ఆవిడ నా గుమ్మం ముందు కూలబడి ఏడిస్తే ఏం చెప్పాలి? నీ కొడుకు మునిగిపోయేముందు అరవడానికి క్రియలు నేర్పింది నేనేనమ్మా అని చెప్పనా?"

అంతలో బల్లమీద ఆమె ఫోన్ మోగింది. కొడుకు హైకల్. ఇంకా మీసమైనా సరిగ్గా రాలేదు, అమ్మ క్లాసు అంటే చెవులు మూసుకుంటాడు. బంతాట ఆడి వచ్చాక ఆకలేస్తే తప్ప ఫోన్ చెయ్యడు. "మా హైకలే," అంటూ నజాత్ కట్ చేసింది.

"ఎత్తండి మేడమ్!" వజ్దీ అరిచినంత పనిచేశాడు. "మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ ఫోన్ ఎత్తండి!"

"నేను మాటల్లో పడితే తాళంచెవి లాక్కుందామనా? నా ఎత్తులు నాకే నేర్పకు. కుండలో కుస్కుస్ ఉంది, పెట్టుకుని తింటాడు."

ఫోన్ మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేసింది.

వజ్దీ కిటికీ దగ్గరికి పరుగెత్తి ఊచలు పట్టుకుని ఊపాడు. అవి కదల్లేదు. బయట మసీదు నుంచి సాయంత్రపు నమాజు పిలుపు వినిపించింది. ఆ తర్వాత, రేవు పక్కనున్న కోట వెనకనుంచి, ఒక మోటారు చప్పుడు. చప్పుడు కాసేపు వినిపించి, పల్చబడి, దూరమైపోయింది.

వజ్దీ ఊచలు వదిలేసి నేలమీద చతికిలబడ్డాడు.

నజాత్ వెళ్ళి తాళం తీసింది. అతని ఫోన్ అతని చేతిలో పెట్టి తల నిమిరింది.

"గండం గడిచింది రా నాయనా. నన్ను తిట్టుకో, ఫర్వాలేదు. వెళ్ళు, ఇంటికెళ్ళి అమ్మకి కనబడు."

వజ్దీ కదల్లేదు.

"నేను వెళ్దామనుకుంది పడవ ఎక్కడానికి కాదు మేడమ్. ఆపడానికి. మీ దగ్గర అడిగిన మాటలన్నీ వాడి కోసమే. సరదాకి నేర్చుకుంటున్నాడనుకున్నాను. ఇవాళే వెళ్తున్నానని ఇందాకే మెసేజ్ పెట్టాడు."

"వాడంటే ఎవడ్రా?"

వజ్దీ బల్లమీదున్న ఆమె ఫోన్ వైపు చూశాడు.

"ఇందాక మీరు రెండుసార్లు కట్ చేశారే మేడమ్... వాడు."