పాట లేని వీడియో

సిద్దిపేట కిరాయి గదిలో ఆ రాత్రి వంశీ ఒక్కడే ఉన్నాడు. పక్క మంచం శ్రావణ్‌ది. మొన్నటి వానలకు మిరుదొడ్డి దారిలో కల్వర్టు పొంగితే, వాడు బండితో సహా కొట్టుకుపోయాడు. పోయేముందు కాసేపు కల్వర్టు అంచు పట్టుకుని వేలాడాడు. అప్పుడు వంశీ తీసిన వీడియో వార్తల్లో కూడా వచ్చింది.

శ్రావణ్ గొంతు వినబడకుండా దానికో ఏడుపు పాట అతికించాకే బయటికి పంపి, అసలుది చెరిపేశాడు వంశీ. దోస్తంటే ఎంత ప్రేమోనని అందరూ మెచ్చుకుంటుంటే తల ఎత్తలేకపోయాడు.

ఫోన్ మోగింది. శ్రావణ్ తల్లి సుమిత్రమ్మ. పాట తీసేసి పంపమని పొద్దున్నే అడిగింది, కొడుకు గొంతు ఒక్కసారి వింటానని.

"పాట లేనిది వచ్చింది బిడ్డా."

"నేను పంపలే పెద్దమ్మా."

"వాని నంబర్ నుంచే వచ్చింది."

శవం దొరికింది గానీ శ్రావణ్ ఫోన్ నీళ్లలోనే పోయింది.

బయట వాన లేదు. ఆమె మాట వెనక మాత్రం నీళ్ల హోరు వినిపిస్తోంది.

"చెయ్యియ్యిరా వంశీ, చెయ్యియ్యిరా అని ఎంతగనం మొత్తుకున్నడు నా కొడుకు," అందామె మెల్లగా. "అప్పుడు నీ చేతుల ఏముండె బిడ్డా?"