పొట్లం కాగితం

సముద్రం ఒడ్డున నడుస్తూ తింటున్న ఉడికించిన తుర్ముస్ గింజలు అయిపోయాయి. ఇన్సాఫ్ ఖాళీ పొట్లాన్ని నలిపి సముద్రంలోకి విసరబోయింది.

కాగితం మీద చేతిరాత కనిపించి ఆగింది.

విప్పి చూసింది. ఒకవైపు ఎవరో పిల్లవాడి లెక్కల పరీక్ష. రెండోవైపు నాలుగు పంక్తులు.

'ట్రాములో కుట్టుపని పిల్ల నిద్రపోయింది.
పాపం అనుకుని ఎవరమూ లేపలేదు.
ఆమె దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది.
మా జాలి ఆమెను ఎంత దూరం నడిపించిందో!'

ఇన్సాఫ్ లైబ్రరీలో పనిచేస్తుంది. ప్రతి గురువారం సాయంత్రం ఒక కాఫీ హోటల్లో కవుల సభ నడుపుతుంది. అలెగ్జాండ్రియాలో కవిత్వం రాసేవాళ్ళంతా తనకు తెలుసని ఆమె నమ్మకం. ఈ చేతిరాత మాత్రం ఎప్పుడూ చూడలేదు.

గబగబా గింజల బండి దగ్గరికి వెనక్కి వెళ్ళింది.

"బయ్యూమీ బాబాయ్, ఈ కాగితం ఎక్కడిది?"

"పాత సామాన్లవాడి దగ్గర కొంటానమ్మా. ఒకవైపు వాడేసినవి చవగ్గా ఇస్తాడు."

"దీని మీద ఏముందో తెలుసా?"

బయ్యూమి గింజల మీద నిమ్మకాయ పిండుతూ తలెత్తాడు. "ఏముందేంటి?"

ఆమె గట్టిగా చదివింది. బేరానికి నిలబడ్డవాళ్ళు మాటలు ఆపి విన్నారు.

"బాగుందా అమ్మా?" అన్నాడు బయ్యూమి.

"బాగుందా ఏంటి! ఇంత మంచి కవిత్వంలో గింజలు కట్టిస్తావా? గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన!"

అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువగా బయ్యూమే నవ్వాడు.

"ఇకమీద ఇలాంటివన్నీ నాకు తీసిపెట్టు. పొట్లాలకు తెల్లకాగితం నేను తెచ్చిస్తాను."

"ఎందుకమ్మా? గింజలు తింటూ జనం చదువుకుంటారు."

"చదివి సముద్రంలో పారేస్తారు!"

"పారేసేముందు చదువుతారుగా."

ఆమె వినిపించుకోలేదు. మంచి పని చేస్తున్నామని నమ్మేవాళ్ళకు చెవులు సరిగ్గా పనిచేయవు.

ఆనాటి నుంచి బయ్యూమి సాయంత్రం పూట ఒకటో రెండో కాగితాలు దాచి ఇచ్చేవాడు. ఊరందరి చొక్కాల ముడతలూ తీసే ఇస్త్రీవాడి మీద ఒకటి. చేపల బజారులో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న ముసలామె మీద ఒకటి. గురువారం ఇన్సాఫ్ అవి చదివితే సభలో కళ్ళు తుడుచుకోనివాడు లేడు.

"ఎవరీయన?" అని అందరూ అడిగారు.

ఆయన్ని తీసుకొచ్చి సభ మధ్యలో కూర్చోబెట్టాలి. బతికుండగానే ఆయన పుస్తకం వేయాలి. ఇన్సాఫ్‌కు అదే పట్టుకుంది.

కవితలన్నీ లెక్కల పరీక్ష కాగితాల వెనకే ఉన్నాయి కాబట్టి ఆయన లెక్కల మాస్టారే అయ్యుంటాడని తేల్చుకుంది. నెలరోజులు ఊళ్ళో స్కూళ్ళన్నీ తిరిగింది.

"నేనా? మా ఆవిడ పుట్టింటికి వెళ్తే ఉత్తరం ముక్క రాయడమే నాకు చేతకాదు తల్లీ," అన్నాడొక మాస్టారు.

"దొరికాడా మీ కవిగారు?" బయ్యూమి రోజూ అడిగేవాడు.

"దొరుకుతాడు. ఏదో ఒక స్కూల్లో ఉండే ఉంటాడు."

"మాస్టారు కాకుండా ఇంకెవరైనా అయితే?"

"ఇలాంటి మాటలు చదువుకోనివాళ్ళకు వస్తాయా బాబాయ్?"

బయ్యూమి గింజల వైపు తిరిగాడు. జీలకర్ర పొడి చల్లి, తెల్లకాగితంలో పొట్లం కట్టి, పక్కనున్న ట్రాము కండక్టరుకు ఇచ్చాడు.

కండక్టరు పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ బోడి కాగితం ఏంటి బయ్యూమీ? ఇదివరకు ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడకి చదివి వినిపించేవాణ్ణి. ఇప్పుడు ఉత్త గింజలేనా అని మూతి తిప్పుతోంది."

"అవి పెద్దవాళ్ళ దగ్గరికి పోతున్నాయిలేవయ్యా."

కండక్టరు ఉసూరుమంటూ వెళ్ళిపోయాడు.

బయ్యూమి ఇన్సాఫ్ వైపు తిరిగాడు.

"అమ్మా, ఈ గురువారం నేనూ వచ్చి ఓ మూల నిలబడి వినొచ్చా?"

"అది నీకు బేరం వేళ కదా బాబాయ్. అయినా మా కబుర్లతో నీకేం పొద్దుపోతుంది?"

"అదీ నిజమే," అన్నాడు బయ్యూమి.

ఆ తర్వాత కాగితాలు తగ్గిపోయాయి. వారానికి ఒకటి వచ్చింది. ఆపైన అదీ లేదు. కొన్నాళ్ళకు బండే కనిపించకుండా పోయింది. కాగితాలు ఇంకెవరికో ఇస్తున్నాడేమోనని ఇన్సాఫ్‌కు కోపం కూడా వచ్చింది.

బండి తిరిగి కనిపించిన రోజు దాని వెనక నల్లబట్టల్లో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. బయ్యూమి భార్య నఈమా.

"బాబాయ్ ఏడీ పిన్నీ?"

"పోయాడమ్మా. గుండె ఆగిపోయింది. ఈ శుక్రవారానికి రెండు వారాలు."

ఇన్సాఫ్‌కు ఏడుపు ఆగలేదు. అంత మంచి మనిషిని అందరిలో గాడిద అన్నానే అని మొదటిసారి సిగ్గుపడింది.

"ఆయన మిగిల్చిన ఆయుష్షు మీకు దక్కాలి పిన్నీ," అని ఆ ఊరి ఆనవాయితీ ప్రకారం పరామర్శించింది.

"నీకూ తల్లీ. లైబ్రరీ అమ్మాయివి నువ్వేగా? నీ గురించి చెప్పేవాడు. పోయే ముందు గురువారం మీ హోటల్ కిటికీ బయట నిలబడి నువ్వు చదివిందంతా విన్నాడు. ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు, ఒకటే సంతోషం."

ఇన్సాఫ్ కళ్ళు తుడుచుకుంది. అడగకుండా ఉండలేక అడిగింది.

"పిన్నీ, ఏమనుకోకండి. ఆ కవిగారిని నేనింకా వెతుకుతూనే ఉన్నాను. అలాంటి కాగితాలు ఇంట్లో ఇంకేమైనా మిగిలాయా?"

నఈమా ఆమె వంక అయోమయంగా చూసింది.

"కాగితాలకేం తల్లీ, ఇంటినిండా ఉన్నాయి. వాటి మీద రాసే మనిషే లేడు."