ఆర్విడ్ తాత మొక్కజొన్న

దక్షిణ డకోటాలో ఫెజంట్ అనే అడవి కోళ్ళు చట్టం మహా బాగా తెలిసిన పక్షులు. ఎవరైనా వేటాడుకోగల సర్కారు భూమి ఎక్కడ ముగుస్తుందో, ఆర్విడ్ తాత సొంత పొలం ఎక్కడ మొదలవుతుందో వాటికి బోర్డు చూడకుండానే తెలుసు. అక్టోబరులో వేట మొదలవగానే అన్నీ కంచె దాటి ఆయన మొక్కజొన్నలో కాపురం పెట్టేశాయి.

సర్కారు గడ్డిలో మిగిలింది నేనూ, నా కుక్కా. అందుకే ప్రతి శనివారం టోపీ చేత పట్టుకుని తాత గుమ్మంలో నిలబడడం నాకొక వ్రతమైంది.

"మీ పొలంలో వేటాడుకోనా, తాతా?"

"కుదరదు. లోపలికి రా, కాఫీ చల్లారిపోతోంది."

కాఫీ అయ్యాక ఆయన మోకాలి నొప్పి కబుర్లు, ఆ పైన కాలం చేసిన భార్య చేతి వంట కబుర్లు, అంతలో చీకటి. నేను ఉత్త చేతులతో ఇంటికి.

ఈ శనివారం మాత్రం ఖరాఖండిగా చెప్పేశాను.

"అడగడం ఇదే ఆఖరు, తాతా. అవతల ఊళ్ళో ఒకాయన తన పొలానికి రమ్మన్నాడు."

తాత కిటికీలోంచి చేను వైపు చూశాడు.

"సరే, కోళ్ళు ఇక్కడే కొట్టుకో. ఈ సీజనంతా నీ ఇష్టం. మళ్ళీ వచ్చి అడగక్కర్లేదు."

పందెం గెలిచిన పుంజులా లేచి తుపాకీ కోసం ట్రక్కు వైపు నడిచాను. తాత గుమ్మందాకా వచ్చాడు.

"ఇదివరకు కొందరికి ఇలాగే అనుమతి ఇచ్చానురా అబ్బాయ్. మంచోళ్ళే. కోళ్ళు కొట్టుకుని అట్నుంచి అటే పోతారు. ఒక్కడూ మళ్ళీ తలుపు తట్టలేదు."

నేను ట్రక్కు తలుపు తెరుస్తుంటే వెనకనుంచి అన్నాడు.

"నువ్వు పోయేటప్పుడు హారనైనా కొట్టు."