నాన్న పక్కన ఖాళీ

“పెద్ద సైజులో ప్రింటు వేసి, మంచి ఫ్రేము కట్టించి పట్రా. నాన్న పుట్టినరోజుకి మనిద్దరి తరఫునా అదే,” అని అక్క ఫోన్ పెట్టేసింది. వెంటనే ఫోటో పంపింది.

చిన్నోడు దాన్ని కంప్యూటర్‌లో తెరిచి కుర్చీలో వెనక్కి వాలాడు. ఇంట్లో అందరికన్నా చిన్నవాడు కాబట్టి ఆ పిలుపు. జుట్టు నెరుస్తున్నా అది మాత్రం ఎదగలేదు. ఫోటో ల్యాబ్‌లో బొమ్మలు సరిదిద్దడం అతని పని.

ఫోటోలో తండ్రి. బస్సు డ్రైవరుగా ఆఖరి ట్రిప్పు ముగించిన రోజు, డిపోలో బస్సు పక్కన నిలబడి దిగింది. కండక్టరు తీశాడు. తండ్రి యూనిఫాం చొక్కాకి మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు. ఒకవైపు అక్క నవ్వుతోంది. రెండోవైపు ఖాళీ నేల, నూనె మరకలు.

ఆ ఖాళీలో తను ఉండాలి.

అమ్మ అప్పటికే పోయింది. ఆ రోజు రావలసింది పిల్లలిద్దరే. “ల్యాబ్‌లో అర్జెంటు పని నాన్నా, కదల్లేను,” అని చిన్నోడు ఫోన్లో చెప్పాడు. చెప్పింది సినిమా హాలు మెట్ల మీద నిలబడి. స్నేహితులు టిక్కెట్లు ఊపుతూ తొందరపెడుతున్నారు. “సరేలే, పని చూసుకో,” అన్నాడు తండ్రి. ఇంకో మాట అడగలేదు.

అక్క అడిగింది. మర్నాడు ఫోన్లో దులిపేసింది. “ఆయన గేటు వైపే చూస్తూ నిలబడ్డార్రా! ఒక్క పూట రాలేకపోయావా?” ఆ తర్వాత ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. తను బాధపడతాడని ఊరుకుందనుకున్నాడు.

ఇన్నేళ్లూ ఆ ఫోటో కంటపడకుండా తప్పించుకు తిరిగాడు. ఇప్పుడదే పెద్దదై, తండ్రి ఉంటున్న అక్క ఇంటి హాల్లోకి ఎక్కబోతోంది. వచ్చినవాళ్లంతా అడుగుతారు, కొడుకేడీ అని.

“ఈమధ్య నాన్నకి ఏదీ గుర్తుండటం లేదురా,” అని అక్క అన్న మాట మనసులో మెదిలింది. మెదిలినందుకు సిగ్గేసింది. అయినా చెయ్యి ఆగలేదు.

ఆ రోజుల్లో తను దిగిన పాత ఫోటో ఒకటి వెతికి, డిపో ఫోటో మీద ఇంకో పొరగా పరిచాడు. దానికి మాస్క్ తగిలించాడు. మాస్క్ దేన్నీ చెరిపెయ్యదు. నలుపు పూసినచోట పైబొమ్మ దాక్కుంటుంది, తెలుపు పూస్తే మళ్లీ బయటికొస్తుంది. మెత్తటి బ్రష్షుతో తన వెనకున్న గోడనీ, పూలకుండీనీ దాచేశాడు. భుజం అంచున బ్రష్షు బలం తగ్గించి, తాకీ తాకనట్టు రాశాడు. ఆ భుజం తండ్రి చొక్కా వెనక్కి మెల్లగా కరిగిపోయింది. కాళ్ల కింద నీడ దించాడు. అక్క నవ్వు చూడలేక, ఆ వైపు భాగాన్ని స్క్రీను మీంచి పక్కకి జరిపేసి మరీ పనిచేశాడు.

రోజూ చేసే పనే. పెళ్లికి రాని మేనమామల్ని, గ్రూపు ఫోటో వేళకి బాత్రూములో ఉన్న బాబాయిల్ని ఎంతమందిని కలిపాడో. ఎప్పుడూ ఇంతసేపు పట్టలేదు.

అంతా అయ్యాక మాస్కుని ఒక్కసారి నల్లగా నింపి చూశాడు. తను మాయమై నూనె మరకలు బయటపడ్డాయి. చప్పున వెనక్కి తెచ్చి, ప్రింటుకి పంపేశాడు.

పుట్టినరోజునాడు ఫ్రేముకి చుట్టిన కాగితం అక్కే విప్పింది. చూడగానే ఆమె ముఖం పాలిపోయింది. తమ్ముడి వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. అందరి ముందూ కడిగేస్తుందనుకున్నాడు.

“కేకు కొయ్యాలిగా, చాకు తెస్తా,” అంటూ ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

తన పరువు కాపాడింది. ఎన్ని తిట్లు తిట్టినా అంత గుచ్చుకునేది కాదు.

అక్క కూతురు ఫ్రేము మీదికి వంగింది. “మామయ్యా, అప్పుడెంత సన్నగా ఉన్నావో! ఆ రోజు తాతయ్య ఏడ్చాడా?”

“లేదమ్మా. నవ్వుతూనే ఉన్నాడు.”

“మరి నువ్వు?”

“నేనా... కాస్త.”

సోఫాలో తండ్రి కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. విన్నాడో లేదో తెలియలేదు. పిల్ల కేకు కోసం వంటింట్లోకి పరుగెత్తాక, “ఏదీ, ఇలా తే,” అన్నాడు.

చిన్నోడు ఫ్రేముని తండ్రి ఒళ్లో పెట్టి, పక్కనే నేల మీద కూర్చున్నాడు. తండ్రి అద్దం మీద బొటనవేలితో కొడుకు భుజం అంచుని నెమ్మదిగా రాశాడు. “బాగా కుదిరింది,” అన్నాడు. ఆ ముఖంలో సంతోషం చూస్తే చిన్నోడికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏమీ గుర్తులేని మనిషికి లేని రోజొకటి అంటగట్టాడు. ఇక దాచుకోలేకపోయాడు.

“నాన్నా... ఆ రోజు నేను...”

“మెల్లగా. అక్క వింటుంది.”

తండ్రి ఒకసారి వంటింటి వైపు చూసి, కొడుకు చెవి దగ్గరికి వంగాడు.

“ఆ రోజు నేనొక్కడినే దిగిన ఫోటోరా ఇది, ముందు అక్క వచ్చి చేరింది, ఇప్పుడు నువ్వొచ్చావు, వెనకాల బస్సు కిటికీలో మీ అమ్మని కూడా కూర్చోబెట్టు.”