ఇంకా వాడుకలో ఉంది

"తాతగారూ, ఇక ఆ ఫోను పెట్టేస్తారా?"

పెద్దాయన తల కూడా తిప్పలేదు. చెయ్యి మాత్రం పైకెత్తి, ఆగమన్నట్టు ఊపాడు.

కంప్యూటరమ్మకి ఒళ్లు మండింది. కంప్యూటర్లు చూసుకుంటుందని ఆఫీసులో అందరూ ఆమెని అలాగే పిలుస్తారు. రాత్రంతా కంటి మీద కునుకు లేదు. మెడ పట్టేసింది. కళ్లలో ఇసుక పోసినట్టుంది.

అది మనసు బాగోలేని వాళ్లు ఫోను చేసి గోడు చెప్పుకునే చోటు. వినేందుకు ఎవరో ఒకరు ఫోను చెవికి తగిలించుకుని కూర్చుంటారు. ఆ లైన్లన్నీ నడిపేది మూలనున్న ఓ పాత కంప్యూటరు. అందులో ఫోన్లని ఆడించే ప్రోగ్రాం ముక్క ఒకటుంది, డ్రైవరంటారు. అది పాతబడిపోయి, సాయంత్రం ఫోన్లు ముమ్మరమయ్యేసరికి గుటకలు మింగుతోంది. దాన్ని దింపేసి కొత్తది ఎక్కించాలి.

"ఈ సాయంత్రం కూడా లైన్లు పడుకున్నాయో, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు మేనేజరు పొద్దున్నే.

దింపడానికీ ఓ మర్యాద ఉంది మరి. కూర్చున్న మనిషి కింద కుర్చీ లాగేస్తామా? ఇదీ అంతే. ముందు కొత్త ఫోన్లు లోపలికి రాకుండా తలుపెయ్యాలి. ఉన్నవాళ్లు మాట ముగించుకుని ఒక్కొక్కరే లేవాలి. అందరూ లేచాకే దింపాలి. ఏ ఒక్కరు మిగిలినా అది దిగనని మొండికేస్తుంది. "ఇంకా వాడుకలో ఉంది" అని తెర మీద చెప్తుంది.

కంప్యూటరమ్మ అంతా మర్యాదగానే చేసింది. అందరూ లేచారు.

ఒక్క లైను మిగిలింది. చివరి బల్ల దగ్గర ఈ వసపిట్ట పెద్దాయన!

ఆమె ఈ ఆఫీసుకి వచ్చింది ఈమధ్యే. ఆయనెవరో, ఏమిటో తెలీదు.

"...అదే మరి! ఆ పిల్లి నా చెప్పులోనే పడుకుంటుందమ్మా. లేపితే ఎలా చూస్తుందనుకున్నావ్? ఇల్లు తనదీ, అద్దెకున్నది నేనూ అన్నట్టు!"

తెర మీద ఒక్కో లైనుకీ రెండు గీతలుంటాయి. ఎవరు మాట్లాడితే వాళ్ల గీత ఎగిరిపడుతుంది. పెద్దాయన గీత గంతులేస్తోంది. అవతలి గీత మాత్రం నేల మీద పారేసిన తాడులా పడుంది. ఆమె రెప్ప వెయ్యకుండా చూసింది. పిసరంత కూడా కదల్లేదు.

"తాతగారూ, అవతల ఎవరూ లేరండీ."

ఆయన మైకు అరచేత్తో మూశాడు.

"ఉందమ్మా. పిల్ల ఉంది. నీకు పుణ్యముంటుంది, కాస్త ఆగు తల్లీ."

"మాటా లేదు, చప్పుడూ లేదు. ఎవరితోనండీ ఈ కబుర్లు?"

అప్పటికే ఆయన అటు తిరిగిపోయాడు. "ఆఁ, ఎందాకా వచ్చాను? చొక్కాకి బొత్తాం కుడదామని కూర్చున్నానా..."

మేనేజరు ఫోను.

"అయిందా?"

"ఒకటి పట్టుకునే ఉంది సార్. ఆ పెద్దాయన లేవడం లేదు."

"ఆయన గోడ దొరికినా కబుర్లు చెప్తాడు. బలవంతంగా పీకెయ్."

"పీకితే మిషను బిగుసుకుపోతుంది సార్."

"పోతే ఆపి మళ్లీ వెయ్. పొద్దు వాలిపోతోంది అవతల!"

ఒక్కోసారి మాట అయిపోయినా మిషను లెక్కలో ఒక లైను మిగిలిపోతుంది. ఇదీ అలాంటిదేలే అనుకుంది. పాపం, అలిసిపోయి ఉంది. పని తెమిలే మాటే నిజమనిపించింది.

బలవంతంగా దింపేసింది.

తెర కొయ్యబారిపోయింది. చివరి బల్ల దగ్గర మాట సగంలో తెగింది.

"అమ్మా? ఉన్నావా? ...అమ్మా?"

ఆయన తిడతాడనుకుంది. తిట్టలేదు.

"ఎంతసేపు పడుతుంది తల్లీ?"

"ఇదిగో, అయిపోతుందండీ."

ఏది ముందు మోగుతుందోనని ఆయన బల్లలన్నీ ఒక్కొక్కటే చూడసాగాడు.

మిషను లేచింది. కొత్త డ్రైవరు ఎక్కింది. ఫోన్లకి తలుపు తీయగానే పక్క బల్ల దగ్గర ఒకటి మోగింది.

"హలో? హలో?" అంది అక్కడున్నావిడ. "ఎవరూ పలకరేం? పెట్టేస్తున్నా..."

"పెట్టకు! ఇలా ఇయ్యి!"

ఆ వయసు మనిషి అంత వేగంగా లేవడం ఎవరూ చూడలేదు.

"నేనేనమ్మా! ఎక్కడికీ పోలేదు. మా మిషనే ఓ కునుకు తీసింది, దానికీ పిల్లి బుద్ధులే!"

అవతలి గీత చీమ కదిలినట్టు కదిలింది. కంప్యూటరమ్మ తెర దగ్గరికి జరిగింది.

ఆ గీత మెల్లమెల్లగా ఎగరసాగింది. దీపాలు పెట్టేవేళకి పెద్దాయన అంటున్నాడు, "పిన్ని వచ్చిందా? తలుపు తీశావా? ఆవిడకోసారి ఇయ్యి. బంగారు తల్లివి."

అవతలివాళ్లు పెట్టాకే ఆయన పెట్టాడు. చెవిది తీసి బల్ల మీదుంచి, ఫోన్ల దగ్గర కూర్చునేవాళ్లని చూసుకునే పెద్దక్క దగ్గరికెళ్లాడు.

"ఇక నా వల్ల కాదమ్మా. రేపట్నుంచి రాను."

చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు. కంప్యూటరమ్మ గుమ్మందాకా పరుగెత్తింది. వీధి నిండా ఇళ్లకి పోయే జనం. ఆయన కనపడలేదు.

క్షమించమని అడగాలని మర్నాడు ఎదురుచూసింది. ఆ మర్నాడూ చూసింది. లైన్లు చక్కగా పలుకుతున్నాయి. మేనేజరు మెచ్చుకున్నాడు కూడా. ఆమె కళ్లు మాత్రం చివరి బల్ల మీదే ఉన్నాయి.

"అక్కా, ఆయన ఈ ఉద్యోగంలో చాలా ఏళ్లు చేశారా?"

పెద్దక్క ఖాళీ కుర్చీని బల్ల కిందకి నెట్టింది.

"ఉద్యోగం ఎక్కడిదే పిచ్చిదానా! నువ్వు రాకముందు ఇలాగే ఎవరో మిషను బాగుచేస్తూ మాట మధ్యలో లైను తెంపేస్తే, మళ్లీ ఫోను చెయ్యకుండానే చనిపోయిన పిల్ల ఒకతె ఉండేది; ఆయన ఆ పిల్ల నాన్న."